గర్భిణి రక్తపరీక్షలు: తల్లి నుంచి కడుపులోని బిడ్డకు సోకే వ్యాధులపై తరచుగా అడిగే ప్రశ్నలు

రక్తం తీయడం, పరీక్షించడం నా వృత్తి. ఆదోని వైపు పల్లెల్లో మొదలుపెట్టి ఇప్పుడు కర్నూలులో పనిచేస్తున్నాను. సూది గుచ్చే ఆ రెండు నిమిషాల్లో గర్భిణులు, వాళ్ల వెంట వచ్చిన అత్తలు, తల్లులు అడిగే ప్రశ్నలే ఇవి. వరుసలో ఇంకా పదిమంది నిలబడి ఉంటారు కాబట్టి అక్కడ పూర్తిగా జవాబు చెప్పే వీలుండదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

గర్భిణి రక్తంలో ఏయే వ్యాధుల కోసం చూస్తారు?

తప్పనిసరిగా చూసేవి మూడు: హెచ్‌ఐవీ, సిఫిలిస్, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి. పాతకాలం వాళ్లు సవాయి అనేది సిఫిలిస్‌నే. ఈ మూడూ తల్లి నుంచి బిడ్డకు సోకుతాయి. మూడింటికీ పరీక్ష తేలిక, బిడ్డను కాపాడే మార్గమూ ఉంది. అన్నిటికన్నా ముందు ఈ మూడు చేయించాలని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

రుబెల్లా (మూడు రోజుల దద్దురు తెచ్చే వైరస్), టాక్సోప్లాస్మా (పిల్లి మలం, సరిగా ఉడకని మాంసం ద్వారా వచ్చే క్రిమి), సైటోమెగలో వైరస్ (ఎక్కువగా పసిపిల్లల ఉమ్మి, మూత్రం నుంచి వచ్చేది) వంటివి మరికొన్ని ఉన్నాయి. అవి అందరికీ అవసరం లేదు. వాటి సంగతి కింద వివరంగా రాశాను, ఎందుకంటే డబ్బూ మనశ్శాంతీ పోగొట్టుకునేది ఎక్కువగా అక్కడే.

నాకు ఏ జబ్బూ లేదు. మరి నాకెందుకు?

ఈ ప్రశ్న చాలాసార్లు అత్తగారి నోట వస్తుంది. "మా కోడలు అలాంటిది కాదమ్మా" అని నొచ్చుకుంటారు. ఈ పరీక్ష ఎవరి నడవడికకూ పెట్టే పరీక్ష కాదు. హెపటైటిస్ బి చాలామందికి తాము పుట్టినప్పుడే తల్లి నుంచి వచ్చి ఉంటుంది. పాతికేళ్లు ఏ బాధా లేకుండా ఒంట్లో ఉండిపోతుంది. హెచ్‌ఐవీ కూడా ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. సిఫిలిస్ పుండు నొప్పి లేకుండా వచ్చి, మందు వేయకపోయినా మానిపోతుంది. అది మానింది కదా అని రోగం పోయినట్టు కాదు, రక్తంలో అలాగే ఉంటుంది. మనిషిని చూసి ఈ మూడింటిలో ఒక్కదాన్ని కూడా పోల్చలేం. అందుకే గర్భిణులందరికీ చేస్తారు, కలెక్టరు భార్య అయినా, కూలికి వెళ్లే మనిషి అయినా.

ఎప్పుడు చేయించాలి?

నెల తప్పిందని తెలిసిన వెంటనే. 12 వారాల లోపు పేరు నమోదు చేయించుకుంటే, ఆ మొదటి రోజే హిమోగ్లోబిన్, రక్తం గ్రూపుతోపాటు ఇవీ అయిపోతాయి. ఆలస్యమైనా మానవద్దు. ఏడో నెలలో వచ్చినా, ఆఖరికి నొప్పులతో వచ్చినా పరీక్ష చేస్తారు, చేయాలి కూడా. కానీ తొందరగా తెలిస్తే మందుకు సమయం ఉంటుంది. ఉదాహరణకు, సిఫిలిస్ ఇంజక్షను కాన్పుకు కనీసం 30 రోజుల ముందు పడితేనే బిడ్డకు సరైన చికిత్స అందినట్టు లెక్క.

ఒంట్లో రక్తమే లేదన్నారు. మళ్లీ రక్తం తీస్తారా? పరగడుపున రావాలా?

తీసేది సుమారు 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ చెంచాడు. ఒంట్లో ఉండేది నాలుగైదు లీటర్లు. రక్తహీనత ఉన్నవారికి కూడా ఆ చెంచాడు రక్తంతో వచ్చే నష్టమేమీ లేదు. ఉపకేంద్రంలో అయితే వేలి కొన మీద చిన్నగా పొడిచి ఒక్క చుక్కతోనే మొదటి పరీక్ష చేస్తారు.

పరగడుపున రానక్కర్లేదు. పొద్దున్నే కోసిగి నుంచి బస్సెక్కి, ఏమీ తినకుండా వచ్చి, వరుసలో కళ్లు తిరిగి పడిపోయిన ఆడపిల్లలను చూశాను. ఇంత తిని, నీళ్లు తాగి రండి. చక్కెర పరీక్షకు ప్రత్యేకంగా పరగడుపున రమ్మని చెబితే మాత్రం అది వేరే సంగతి.

ఎక్కడ చేస్తారు? ఖర్చెంత?

మీ ఊరి ఏఎన్‌ఎం దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఏరియా ఆసుపత్రిలో, కర్నూలు పెద్దాసుపత్రిలో ఈ పరీక్షలకు డబ్బు కట్టనక్కర్లేదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణుల కోసం ప్రత్యేకంగా వైద్యులు చూస్తారు. ఆ రోజు వెళ్తే పరీక్ష, వైద్యుల సలహా ఒకేసారి అయిపోతాయి. ప్రైవేటు నర్సింగ్ హోములో చూపించుకుంటున్నవారు, ఈ మూడు పరీక్షలూ తమ కాగితాల్లో ఉన్నాయో లేదో ఒక్కసారి అడిగి చూసుకోండి. స్కానింగులు నాలుగు ఉండి, హెపటైటిస్ బి పరీక్ష ఒక్కటీ లేని ఫైళ్లు నా చేతికి వచ్చాయి.

మేం సుగ్గికి (పనులకు వలస) వెళ్తున్నాం. తిరిగొచ్చాక చేయించుకోవచ్చా?

దయచేసి వాయిదా వేయవద్దు. మన పడమటి మండలాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు, కట్టుబడి పనులకు బెంగళూరుకు ఇళ్లకు తాళాలేసుకుని వెళ్తారు. నెలలు నిండుతున్నవారూ ఆ బండ్లలోనే వెళ్తారు. వెళ్లిన చోట ఆశా కార్యకర్త మీ ఇంటికి రాదు, ఎందుకంటే అక్కడ మీకు ఇల్లే లేదు. చేలో గుడిసె ఉంటుంది, అంతే.

ఒకసారి చిప్పగిరి దగ్గరి ఊరి నుంచి వచ్చిన అమ్మాయి చీర కొంగు ముడి విప్పి, ప్లాస్టిక్ కవరులో మడిచిన తల్లీబిడ్డల కార్డు తీసి ఇచ్చింది. మిరపకాయల ఘాటు ఇంకా ఆ కవరుకు అంటుకునే ఉంది. మూడో నెలలో ఊళ్లో చేయించుకున్న పరీక్షల ఫలితాలన్నీ అందులో ఉన్నాయి. ఆ కార్డు చూసి ఏం చేయాలో డాక్టరమ్మకు వెంటనే తెలిసిపోయింది. అదే రోజు వచ్చిన మరొకామె దగ్గర ఏమీ లేదు, ఎక్కడ చూపించుకుందో కూడా చెప్పలేకపోయింది. అన్నీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

వెళ్లేముందు పరీక్ష చేయించుకోండి, కార్డు వెంట తీసుకెళ్లండి. పురిటికి పుట్టింటికి వెళ్లేవారికీ ఇదే మాట. అత్తగారి ఊళ్లో బీరువాలో దాచిన కార్డు పుట్టింట్లో పనికిరాదు. ఏ ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా ఈ పరీక్షలు చేస్తారు, అక్కడి కార్డే కావాలని ఎవరూ అనకూడదు.

పట్టీ మీద గీత వచ్చిందంటే జబ్బు ఉన్నట్టేనా?

తొందరపడవద్దు. వేలి రక్తంతో చేసే మొదటి పరీక్షలో చిన్న పట్టీ మీద రక్తపు చుక్క, దాని వెనుక ద్రావణం చుక్కలు వేస్తాం. పదిహేను, ఇరవై నిమిషాల్లో గీతలు తేలతాయి. మొదటి గీత పట్టీ సరిగ్గా పనిచేసిందని చెప్పేది. రెండో గీత మసకగా కనిపించినా దాన్ని వదిలేయం, అలాగని అదే తుది మాట అని కూడా అనం.

హెచ్‌ఐవీ ఉందని చెప్పాలంటే వేర్వేరు పద్ధతుల్లో పనిచేసే మూడు పరీక్షల్లోనూ అలాగే రావాలి. అందుకే ఉపకేంద్రంలో గీత కనిపిస్తే ఐసీటీసీ అనే హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రానికి పంపి, అక్కడ మళ్లీ చేస్తారు. సిఫిలిస్‌కు చేసే ఆర్‌పీఆర్ పరీక్షలో, తెల్లటి కార్డు మీద సీరమ్ (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు), బొగ్గు కలిసిన ద్రావణం కలిపి ఎనిమిది నిమిషాలు తిప్పుతాం. నల్లటి రేణువులు గడ్డకట్టినట్టు కనిపిస్తే పాజిటివ్. గర్భంలో ఈ పరీక్ష ఒక్కోసారి జబ్బు లేకపోయినా అలా చూపుతుంది. టీపీహెచ్‌ఏ వంటి రెండో పరీక్షతో పోల్చి చూడాలి. అయితే రెండో పరీక్షకు రోజులు పడుతుందనుకుంటే, పెన్సిలిన్ ముందే వేసేయడం మంచిది. వేసినందువల్ల నష్టం తక్కువ, వేయకపోతే నష్టం బిడ్డకు.

హెచ్‌ఐవీ ఉందని తేలింది. బిడ్డకు వస్తుందా?

మందు లేకపోతే, పాలిచ్చే కాలాన్ని కూడా కలుపుకొని, వందలో 15 నుంచి 45 మంది పిల్లలకు సోకే ప్రమాదం ఉంటుంది. మందు క్రమం తప్పకుండా వాడితే అది 5 కన్నా కిందికి దిగుతుంది. తొందరగా మొదలుపెట్టి, రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గితే ఇంకా బాగా తగ్గుతుంది. రోజుకు ఒక్క మాత్ర, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. జీవితాంతం వాడాలి. కాన్పు అయిపోయిందని మానేస్తే బిడ్డకు పాల ద్వారా, తల్లికి ఆరోగ్యపరంగా ముప్పు తిరిగొస్తుంది.

బిడ్డకు పుట్టిన వెంటనే నెవిరాపిన్ సిరప్ మొదలుపెడతారు, కనీసం 6 వారాలు ఇస్తారు. తల్లిపాలు ఇవ్వవచ్చు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే, ఇంకేమీ వద్దు. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పాలి. తేనె నాకించడం, గాడిదపాలు పోయడం, వస అరగదీసి పెట్టడం మన ఇళ్లలో మామూలు. ఏ బిడ్డకూ అవి మంచివి కావు, ఈ బిడ్డకు మరీ ప్రమాదం. తల్లిపాలతోపాటు పైపాలు, పసర్లు కలిపి పోస్తే పేగుల లోపలి పొర దెబ్బతిని వైరస్‌కు దారి దొరుకుతుంది.

సిఫిలిస్ సంగతేమిటి?

ఈ మూడింటిలో దీనికే భయం తక్కువ, నిర్లక్ష్యం ఎక్కువ. అది నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే పూర్తిగా నయమయ్యేది ఇదొక్కటే. చికిత్స లేకపోతే, వ్యాధి చురుగ్గా ఉన్న గర్భిణుల్లో సగానికి పైగా కాన్పులు చెడిపోతాయి: కడుపులోనే బిడ్డ చనిపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టిన బిడ్డకు ఎముకలు, కాలేయం, కళ్లు దెబ్బతినడం.

దీనికి మందు బెంజథిన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు, పిరుదులకు రెండు వైపులా సగం సగం. కొత్తగా సోకినదైతే ఒక్క మోతాదు, ఎప్పుడు సోకిందో తెలియకపోతే వారానికి ఒకటి చొప్పున మూడు. నొప్పిగా ఉంటుంది, ఆ రాత్రి జ్వరం రావచ్చు, భయపడవద్దు. నొప్పికి భయపడి మాత్రలు ఇమ్మంటారు కొందరు. మాత్రలు తల్లికి కొంత పనిచేసినా బిడ్డ వరకు చేరతాయన్న నమ్మకం లేదు. గర్భంలో పెన్సిలిన్‌కు సాటి ఇంకోటి లేదు. అది పడనివారికి కూడా, ఆసుపత్రిలో ఉంచి, కొద్ది కొద్దిగా అలవాటు చేసి అదే ఇస్తారు.

భర్తకు కూడా అదే రోజుల్లో చికిత్స జరగాలి. లేదంటే మళ్లీ సోకుతుంది, వేయించుకున్న ఇంజక్షన్లు వృథా అవుతాయి.

హెపటైటిస్ బి అంటే పచ్చకామెర్లే కదా? పసరు వేయిస్తే పోదా?

పచ్చకామెర్లు వచ్చిన ప్రతివారికీ ఇది ఉండదు, ఇది ఉన్న ప్రతివారికీ కళ్లు పచ్చబడవు. ఆకు పసరు, ముక్కులో చుక్కలు, చేతి మీద వాత, వీటి వల్ల ఈ వైరస్ పోదు. గర్భిణి కాలేయానికి పసర్లు హాని కూడా చేయవచ్చు.

తల్లిలో వైరస్ బాగా ఉంటే, ఏ జాగ్రత్తా తీసుకోకపోతే పది మంది పిల్లల్లో తొమ్మిది మందికి కూడా సోకవచ్చు. పుట్టుకలో సోకిన పిల్లల్లో 90 శాతం మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక కాలేయం గట్టిపడటం, కాలేయ క్యాన్సర్ దాని వెంట వస్తాయి.

ఆపే మార్గం గడియారంతో ముడిపడి ఉంది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి టీకా పడాలి, ఎంత తొందరగా పడితే అంత మేలు. దాంతోపాటు రెండో తొడకు హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాలు) ఇంజక్షను, వీలైతే 12 గంటల్లోపే. టీకా ప్రతి ఆసుపత్రిలో ఉంటుంది. ఇమ్యునోగ్లోబులిన్ ప్రతి చోటా ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉండదు. కాబట్టి కాన్పు ఎక్కడో అక్కడ ఎనిమిదో నెలలోనే అడిగి ఖాయం చేసుకోండి. రాత్రి రెండింటికి కాన్పయ్యాక మందుల దుకాణాల చుట్టూ తిరిగే తండ్రిని ఒకసారి చూశాను, అలాంటి పరిస్థితి ఎవరికీ రాకూడదు. ఆ తర్వాత 6, 10, 14 వారాలకు మామూలుగా వేసే పెంటావాలెంట్ టీకాల్లోనే ఇదీ ఉంటుంది. వైరస్ లెక్క ఎక్కువగా ఉన్న తల్లికి చివరి మూడు నెలలు టెనోఫోవిర్ మాత్ర ఇస్తారు. పాలు నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు.

టార్చ్ పరీక్ష చేయించమన్నారు. అవసరమా?

టాక్సోప్లాస్మా, ఇతర వ్యాధులు, రుబెల్లా, సైటోమెగలో వైరస్, హెర్పిస్: ఈ పేర్ల ఇంగ్లిషు మొదటి అక్షరాలు కలిపితే టార్చ్. ఆ పేరు 1971 నుంచి వాడుకలో ఉంది. ఇందులో ఒకటో రెండో అవసరమైన సందర్భాలున్నాయి: గర్భిణికి జ్వరంతో దద్దుర్లు వచ్చినప్పుడు, స్కానింగులో బిడ్డ మెదడులోనో పొట్టలోనో తేడా కనిపించినప్పుడు, బిడ్డ ఎదుగుదల మరీ తగ్గినప్పుడు.

ఏ లక్షణమూ లేని గర్భిణికి ఇవన్నీ కట్టగట్టి చేయడం వల్ల మేలు కన్నా గందరగోళమే ఎక్కువ. రెండుసార్లు గర్భం పోయిందని ఈ పరీక్ష చేయించడం మన దగ్గర ఆనవాయితీగా మారింది. వరుసగా గర్భం పోవడానికి ఈ వ్యాధులు కారణం కావడం చాలా అరుదు. వేల రూపాయలు ఇందులో పోసేకన్నా థైరాయిడ్, చక్కెర, గర్భాశయ ఆకృతి, యాంటీ ఫాస్ఫోలిపిడ్ పరీక్షల గురించి డాక్టరును అడగండి. సూది పట్టుకునేదాన్నయినా ఈ మాట చెప్పక తప్పదు: ఫలితం వచ్చాక ఏం చేస్తారో ముందు అడగండి. దానికి జవాబు లేని పరీక్షకు చేయి చాపవద్దు.

ఐజీజీ పాజిటివ్ వచ్చింది. ఐజీఎం కూడా వచ్చింది. గర్భం తీసేయాలా?

ఆగండి. ఈ రెండు మాటలు అర్థం కాక జరిగిన అన్యాయాలు చాలా ఉన్నాయి.

ఐజీజీ, ఐజీఎం రెండూ క్రిమిని ఎదుర్కోవడానికి మన రక్తంలో తయారయ్యే ప్రతిరక్షకాలు. ఐజీజీ అంటే ఎప్పుడో ఆ క్రిమి వచ్చి వెళ్లిందని, లేదా టీకా పడిందని. రుబెల్లా ఐజీజీ పాజిటివ్ అయితే అది శుభవార్త, మీకు రక్షణ ఉందన్నమాట. కాగితం మీద ఎర్ర అక్షరాలతో ఉందని ఏడ్చే పని లేదు. ఐజీఎం ఇటీవల సోకినప్పుడు వస్తుంది. కానీ అది నెలల తరబడి, టాక్సోప్లాస్మాలో ఒక్కోసారి ఏడాది దాటినా రక్తంలో ఉండిపోతుంది. ఏమీ లేకుండానే పాజిటివ్ చూపడమూ ఉంది.

మూడో నెలలో టాక్సోప్లాస్మా ఐజీఎం వచ్చిందని, గర్భం తీయించుకోమని ఎవరో చెప్పగా, ఒకామె ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. చేతులు వణుకుతున్నాయి. నిర్ణయం చెప్పే హక్కు నాకు లేదు, పెద్ద డాక్టరును కలవమని పంపాను. అక్కడ ఐజీజీ ఎవిడిటీ పరీక్ష చేయించారు. అది ఐజీజీ ఎంత గట్టిగా పట్టుకుంటుందో కొలుస్తుంది. పట్టు గట్టిగా ఉంటే సోకి మూడు నాలుగు నెలలు దాటిందని అర్థం. ఆమెకు పట్టు గట్టిగానే ఉంది, అంటే గర్భం రాకముందు సంగతి అది. ఆ బిడ్డ ఇప్పుడు బడికి వెళ్తోంది.

నిజంగానే ఇటీవల సోకినట్టు తేలితే కూడా దారులున్నాయి. రెండు మూడు వారాల తేడాతో మళ్లీ రక్తం చూస్తారు. అవసరమైతే అయిదో నెల ప్రాంతంలో ఉమ్మనీరు తీసి, అందులో క్రిమి జన్యు పదార్థం ఉందేమో వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తారు. టాక్సోప్లాస్మాకు స్పైరామైసిన్ వంటి మందులున్నాయి. తల్లికి సోకినంత మాత్రాన బిడ్డకు సోకినట్టు కాదు. ఒక్క ఐజీఎం కాగితం చూసి గర్భం తీయించుకోవద్దు.

రుబెల్లా టీకా గర్భంతో ఉండగా వేయించుకోవచ్చా?

వద్దు. గర్భానికి ముందు వేయించుకుని ఒక నెల ఆగాలి, లేదా కాన్పు తర్వాత వేయించుకోవాలి. పొరపాటున గర్భంలో పడితే దానికోసం గర్భం తీయించుకోనక్కర్లేదు. రుబెల్లా చూడటానికి చిన్న జ్వరం, మూడు రోజుల దద్దురు. కానీ మొదటి మూడు నెలల్లో సోకితే బిడ్డకు కంటిలో శుక్లాలు, గుండె లోపాలు, చెవుడు. 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి వైద్యుడు, పసిపిల్లల శుక్లాలకు, తల్లులకు గర్భంలో వచ్చిన రుబెల్లాకు ఉన్న సంబంధాన్ని పట్టుకున్నాడు. మన రాష్ట్రంలో 2017 ఆగస్టులో 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు మీజిల్స్ రుబెల్లా టీకా కార్యక్రమం జరిగింది. ఆనాటి బడిపిల్లలే ఈనాడు తల్లులవుతున్నారు. అప్పుడు వేయించుకోని ఆడపిల్లలకు పెళ్లికి ముందే వేయిస్తే మంచిది.

ఇంట్లో ఏం జాగ్రత్త పడాలి?

మాంసం మెత్తగా, లోపల ఎరుపు లేకుండా ఉడికించండి. పిల్లి మలం ఎత్తే పని వేరేవారికి అప్పగించండి. చేలో, పెరట్లో మట్టి పని చేశాక సబ్బుతో చేతులు కడగండి. సైటోమెగలో వైరస్ ఎక్కువగా పసిపిల్లల ఉమ్మి, మూత్రం నుంచి వస్తుంది. పెద్దబిడ్డ తిని వదిలేసిన ముద్దను తల్లి తినడం మన దగ్గర మామూలే. కడుపుతో ఉన్నన్నాళ్లు అది మానండి.

ఇంట్లో ఒకరికి ఆటలమ్మ పోసింది. నేను గర్భిణిని.

మీకు చిన్నప్పుడు పోసి ఉంటే భయం లేదు. పోయలేదు, గుర్తులేదు అంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రక్తంలో రక్షణ లేకపోతే, ఆనవాళ్లు కనిపించకముందే ఇచ్చే ఇంజక్షను ఉంది, ఆటలమ్మ పోసినవారి దగ్గర మెలిగిన 10 రోజుల్లోపు ఇవ్వాలి. కాన్పుకు అయిదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత వరకు తల్లికి పోస్తే పసిబిడ్డకు తీవ్రంగా వస్తుంది. అమ్మవారికి చేసే ఆచారాలు చేసుకోండి, కానీ ఆసుపత్రికి వెళ్లడం ఆపవద్దు.

పరీక్ష ఫలితం అత్తింటివారికి తెలుస్తుందా?

మీ అనుమతి లేకుండా చెప్పకూడదు. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పరీక్షకు ముందు మీ సమ్మతి తీసుకోవాలి, ఫలితం గోప్యంగా ఉంచాలి, హెచ్‌ఐవీ ఉందని కాన్పు చేయడానికి నిరాకరించకూడదు. కేస్‌షీటు మీద అందరికీ కనిపించేలా రాయడం కూడా తప్పే. సందేహాలుంటే 1097కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

భర్తకు మాత్రం చెప్పడం, ఆయనకూ పరీక్ష చేయించడం అవసరం. ఎలా చెప్పాలో తోచకపోతే కౌన్సెలర్ పక్కన ఉండి మాట్లాడతారు.

నా పరీక్ష నెగిటివ్ వచ్చింది. ఇక అయిపోయినట్టేనా?

చాలామందికి అయిపోయినట్టే. కానీ సోకిన కొత్తలో కొన్ని వారాలు పరీక్షకు దొరకదు. భర్తకు ఉందని తేలితే, లేదా ఆయన ఎక్కువ కాలం బయట ఉండి వచ్చి సందేహం ఉంటే, చివరి మూడు నెలల్లో మళ్లీ చేయించమని మీరే అడగండి. కారణం చెప్పనక్కర్లేదు.

బిడ్డకు సోకిందో లేదో ఎప్పుడు తెలుస్తుంది?

పుట్టిన వెంటనే తెలియదు. తల్లి ఐజీజీ మావి గుండా బిడ్డకు చేరుతుంది కాబట్టి, మామూలు పట్టీ పరీక్ష తల్లి ఫలితాన్నే చూపుతుంది. హెచ్‌ఐవీకి 6 వారాలప్పుడు మడమ మీద పొడిచి, ప్రత్యేకమైన కాగితం మీద రక్తపు చుక్కలు ఆరబెట్టి పీసీఆర్ పరీక్షకు పంపుతారు. ఆ తర్వాత కూడా పరీక్షలుంటాయి, 18 నెలలకు ఆఖరిది. హెపటైటిస్ బికి 9 నుంచి 12 నెలల మధ్య చూస్తారు. సిఫిలిస్‌లో బిడ్డ ఫలితాన్ని తల్లి ఫలితంతో పోల్చి చూస్తారు, బొడ్డుతాడు రక్తంతో కాదు, బిడ్డ సొంత రక్తంతో. సైటోమెగలో వైరస్ అనుమానం ఉంటే బిడ్డ మూత్రమో ఉమ్మో 21 రోజుల్లోపు తీయాలి, ఆ గడువు దాటితే కడుపులో సోకిందా, తర్వాత సోకిందా తేల్చలేం.

18 నెలల పరీక్షకు చాలామంది రారు. బిడ్డ నడుస్తూ, ఆడుకుంటూ ఉంటుంది, అంతా బాగుందనిపిస్తుంది. ఆ తేదీని తల్లీబిడ్డల కార్డు అట్ట మీద పెద్ద అక్షరాలతో నేనే రాసిస్తాను. మీ కార్డు మీద లేకపోతే ఈరోజే రాయించుకోండి.